కోడిపిల్లకు మొదటి నెల

“కోడిపిల్లలంటే అంతేనమ్మా. పది లేస్తే నాలుగు దక్కడమే గొప్ప.”

ఈ మాట వినబడని పల్లె ఉండదు. మేము కూడా చాలా ఏళ్లు ఈ మాటే చెప్పుకుని ఊరడిల్లాము. గద్ద తన్నుకుపోతే అంతే అన్నాము. తెగులొచ్చి తలలు వాల్చేస్తే అంతే అన్నాము. కాని 2022 జనవరిలో ఒక తెల్లవారుజామున, మా వంటింటి వెనక వసారాలో పదకొండు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయి ఉండడం చూశాక ఆ మాట అనడానికి నోరు రాలేదు. వాటిని చంపింది గద్ద కాదు, తెగులూ కాదు. మేమే.

ఆ పిల్లలు మా పెద్దమ్మాయివి. సెలవుల్లో మిరపకాయల కోతకు వెళ్లి దాచుకున్న డబ్బుతో ముప్పై గ్రామప్రియ పిల్లలను కొనుక్కుంది. గుడ్లు అమ్మి కుట్టుమిషను కొనుక్కోవాలని దాని ఆశ. ఒకరోజు వయసు పిల్లలను అట్టపెట్టెలో తెచ్చాము. వసారాలో ఊక పరచి, చుట్టూ అట్టముక్కలు నిలబెట్టి, పైన బల్బు వేలాడదీశాము. మా చిన్నతనంలో మా నాన్నగారు అరవై వాట్ల బల్బు కట్టేవారు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది తొమ్మిది వాట్ల ఎల్‌.ఇ.డి. బల్బు. దాని వెలుగు ఆ పాత బల్బు కంటే ఎక్కువే. ఇక భయమేమిటనుకున్నాము.

ఆ రాత్రి పిల్లలు ఒకటే అరుపు. మా అత్తగారు మంచం మీద నుంచే, “అమ్మాయ్, అవి చలికి ఏడుస్తున్నట్టున్నాయి, ఒకసారి లేచి చూడవే” అన్నారు. “లైటు వేశాము గదా అత్తయ్యా” అని పడుకున్నాము.

పాత బల్బు తినే కరెంటులో చాలా భాగం వేడిగా మారిపోయేది. అందుకే దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఎల్‌.ఇ.డి. బల్బు వెలుతురిస్తుంది గాని కోడిపిల్లకు చాలినంత వేడినివ్వదు. కరెంటు బిల్లుకు మంచిదే, పిల్లల గూటికి పనికిరాదు. ఈ చిన్న సంగతి తెలియక చలికి పిల్లలన్నీ మూలకు చేరి, ఒకదాని కింద ఒకటి దూరి, అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోయాయి. మా అమ్మాయి ఎవరినీ ఏమీ అనలేదు. జామచెట్టు కింద గొయ్యి తీసి వాటిని పూడ్చి, మిగతా పందొమ్మిదింటికి నీళ్లు పెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ తరువాత పశువుల డాక్టరు గారిని అడిగాము, కోళ్లు బాగా పెంచే ఇళ్లకు వెళ్లి చూశాము, మా అత్తగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నాము. అలా తెలిసిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాము. మన ఇళ్లలో కోళ్ల డబ్బు ఆడవాళ్ల చేతి డబ్బు. పుస్తకాలకు, మందులకు, ఒకరి ముందు చెయ్యి చాచకుండా గడిచే డబ్బు. కోత పండుగనాడు గుడి ముందు వేలానికి వెళ్లే పుంజు కూడా ఆ గూటిలోదే. (అయ్యగారు ఇంటికి వస్తున్నారంటే మన కోళ్లకు ముందే తెలిసిపోతుందని మా ఊళ్లో ఒక సరదా మాట ఉంది.)

తల్లి ఉంటే సగం పని తప్పినట్టే

నాటుపెట్ట పొదుగుకు కూర్చుంటే మనం చేయవలసింది తక్కువ. దాని శరీరాన్ని బట్టి పది, పన్నెండు గుడ్లకు మించి పెట్టవద్దు. రెక్కల కిందికి రాని గుడ్డు చల్లబడుతుంది. పెట్ట వాటిని అటూ ఇటూ తిప్పుకుంటుంది గనుక ఈరోజు అంచున ఉన్నది రేపు మధ్యకు వస్తుంది, మధ్యది అంచుకు పోతుంది. ఆశకు పదిహేను పెడితే అన్నీ పాడవుతాయి. గుడ్లు వారం లోపువై ఉండాలి. ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చిలైటు మీద గుడ్డును నిలిపి చూస్తే, జీవమున్న గుడ్డులో సన్నటి ఎర్రని నరాలు సాలెగూడులాగా కనబడతాయి. ఖాళీగా, తేటగా కనబడినవాటిని తీసివేయవచ్చు. ఇరవై ఒకటో రోజుకు పిల్లలు లేస్తాయి.

మా అత్తగారు గంపలో ఊక మీద గడ్డి పరచి, కాస్త బూడిద, వేపాకు వేస్తారు. పేలు చేరకుండా అది మంచిదే. దానితోపాటు ఒక ఇనుప మేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ కూడా వేస్తారు. ఉరుములకు గుడ్లు చెడకుండానట. మాకు ఆ నమ్మకం లేదు గాని ఆమెతో వాదించలేదు. గంప చుట్టూ ఎర్రచీమలు చేరకుండా చూసుకోవడం మాత్రం నిజంగా అవసరం. పెంకు పగులుతున్న సమయంలో చీమలు పడితే పిల్ల బయటికి రాకముందే పోతుంది. గంపను ఒక పీట మీద పెట్టి, పీట కాళ్ల కింద నీళ్లు పోసిన మూకుళ్లు ఉంచితే చాలు.

తల్లి లేని పిల్లలకు మనమే రెక్కలు

గ్రామప్రియ, వనరాజా వంటివి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారైన జాతులు. నాటుపెట్ట ఏడాదికి అరవై గుడ్లు పెడితే ఎక్కువ. బాగా చూసుకుంటే వనరాజా వంద దాటి పెడుతుంది, గ్రామప్రియ అంతకంటే ఎక్కువ పెడుతుంది. కాని ఇవి పొదుగుకు కూర్చోవడం అరుదు. గుడ్లు యంత్రంలో పొదుగుతారు, పిల్లలు తల్లిని ఎరుగకుండానే మన చేతికి వస్తాయి. మొదటి మూడు నాలుగు వారాలు ఒంటి నిండా ఈకలు రావు, చాలావరకు నూగే. ఆ నూగు చలిని ఆపలేదు.

పిల్లలను తేవడానికి ముందురోజే చోటు సిద్ధం చేసుకోవాలి. మేము ముప్పై పిల్లలకు మూడడుగుల వెడల్పున గుండ్రటి కంచె కడుతున్నాము. అడుగున్నర ఎత్తు అట్టగాని, రేకుగాని సరిపోతుంది. గుండ్రంగానే ఎందుకంటే, మూల ఉంటే పిల్లలు అక్కడికి చేరి తొక్కుకుంటాయి. మాకు పదకొండు ప్రాణాల ఖరీదుతో తెలిసిన సంగతి ఇది. అడుగున రెండంగుళాల మందాన పొడి ఊక పరచాలి. మొదటి రెండు రోజులు దాని మీద గరుకు కాగితం వేస్తే పిల్లలు ఊకను మేత అనుకుని తినవు. నున్నటి కాగితం వేయవద్దు, కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి.

వేడికి, పిల్లకు రెండు వాట్ల లెక్కన పాత రకం బల్బు వాడాలి. అంటే ముప్పై పిల్లలకు అరవై వాట్లు. పట్టణాల్లో ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగితే ఈ బల్బులు ఇంకా దొరుకుతున్నాయి. కోళ్లకోసం అమ్మే ఇన్‌ఫ్రారెడ్ బల్బులూ ఉన్నాయి. బల్బును వైరుతో వేలాడదీయకుండా గట్టి తీగతో విడిగా కట్టాలి. అది ఊక మీద పడితే కోళ్లే కాదు, కొంపే అంటుకుంటుంది. పిల్లలను వదలడానికి రెండు మూడు గంటల ముందే వెలిగించి చోటును వెచ్చబరచాలి.

మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీల వేడి ఉండాలని, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలని డాక్టరు గారు చెప్పారు. మా దగ్గర వేడి కొలిచే సాధనం లేదన్నాము. ఆయన నవ్వి, పిల్లలనే చూడమన్నారు. బల్బు కిందనే గుంపుగా చేరి కీచుమని అరుస్తుంటే చలి వేస్తోందని, దూరంగా కంచెను ఆనుకుని నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని, అంతా ఒక పక్కకే పోతే ఆ రెండో పక్క నుంచి ఈదురుగాలి వస్తోందని గ్రహించాలి. సమంగా చెదిరి, కొన్ని తింటూ, కొన్ని కాళ్లు చాపుకుని పడుకుని, సన్నగా కిచకిచమంటుంటే అంతా బాగున్నట్టు. బల్బును ఎత్తడం, దించడం దాన్ని బట్టే. మే నెల పగటిపూట మన ఎండలకు బల్బే అక్కరలేదు. అప్పుడు కాపాడవలసింది వడదెబ్బ నుంచి.

కరెంటు పోతే? చలికాలం రాత్రి ఒక గంట చాలు అంతా పోవడానికి. మేము సీసాల్లో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి మధ్యలో పెడతాము, పైన గోనెపట్టా సగం కప్పుతాము. గంటా గంటన్నరకు నీళ్లు మార్చాలి. నిద్ర ఉండదు. కొందరు కుంపటి పెడతారు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి కోడిపిల్లలనే కాదు, మనుషులనూ చంపుతుంది. ఆ పని మాత్రం ఎవరూ చేయవద్దు.

నీరు, మేత

గుడ్డులోని పచ్చసొనలో కొంత పిల్ల కడుపులో మిగిలి ఉంటుంది. దాని బలంతోనే పిల్ల మొదటి రెండు రోజులు బతకగలదు. అంత దూరం నుంచి అట్టపెట్టెల్లో రాగలగడం అందుకే. వచ్చీరాగానే ముందు నీళ్లు తాగించాలి, మేత ఆ తరువాతే. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లలో కాస్త బెల్లం కలిపి, ఒక్కొక్క పిల్ల ముక్కును నీటికి తాకించి వదిలితే మిగతాది అదే నేర్చుకుంటుంది. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి. అరచేతి లోతు నీటిలో కూడా పిల్లలు మునిగి చచ్చిపోతాయి.

మేతకు మొదటి నెల కొన్న చిక్‌ స్టార్టరే మంచిదని మా అనుభవం. ఒట్టి నూకలతో కడుపు నిండుతుంది గాని ఎముక, ఈక రావు. మాంసకృత్తులు కావాలి. మా అత్తగారి కాలంలో దానికి చెదపురుగులే ఆధారం. పాతకుండలో ఎండుపేడ, గడ్డి, గోనెముక్క కుక్కి నీళ్లు చల్లి, చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే, తెల్లారేసరికి కుండ నిండా చెదలు. పిల్లలు వాటికోసం ఎలా పరుగెత్తుతాయో చూడవలసిందే. మేము ఇప్పటికీ పెడతాము. ఒక్క హెచ్చరిక: బూజు పట్టిన మొక్కజొన్న, ముక్కిన వేరుశనగ చెక్క “కోళ్లకే గదా” అని వేయవద్దు. బూజులోని విషానికి కాలేయం చెడి పిల్లలు వరుసగా రాలిపోతాయి.

రోజూ ఒకసారి ప్రతి పిల్లను చేతిలోకి తీసుకుని వెనక వైపు చూడాలి. రెట్ట ఎండి అంటుకుని దారి మూసుకుపోతే రెండు రోజుల్లో చచ్చిపోతుంది. గోరువెచ్చని నీటిలో దూది తడిపి మెల్లగా తుడిస్తే బతుకుతుంది. ఊక తడిస్తే వెంటనే తీసి పొడిది వేయాలి. తడి ఊకలోనే రక్తపారుడు పుడుతుంది.

ఒక సీసా మందు, ఊరంతటి పని

అన్నిటికంటే ఎక్కువ కోళ్లను తినేది కొక్కెర తెగులు. డాక్టర్లు రాణిఖెట్ అంటారు. పచ్చటి, తెల్లటి పారుడు, నోరు తెరిచి ఎగఊపిరి, మెడ మెలిదిరిగి పడిపోవడం. ఒకసారి పట్టిందంటే దానికి మందు లేదు. ముందు జాగ్రత్త మాత్రం చాలా సులభం. అయిదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లోగాని, ముక్కులోగాని ఒక్క చుక్క లసోటా టీకా వేయాలి. రెండో వారంలో గంబోరో టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో రెక్క కింద సూదిమందు. అమ్మోరు టీకా ఆరేడు వారాలకు వేస్తారు. మీ డాక్టరు గారు చెప్పిన వరుసనే పాటించండి.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఈ టీకా ప్రాణమున్న మందు. ఎండ తగిలితే చస్తుంది. చొక్కా జేబులో పెట్టుకుని సైకిలు మీద ఇంటికి తెచ్చిన మందు వేసినా వేయకపోయినా ఒకటే. అలా తెచ్చి వేసి, తెగులు తగలగానే “టీకాలు ఒట్టి మోసం” అనే వాళ్లను చూశాము. ఐసుముక్కలు వేసిన థర్మాసు ఫ్లాస్కులో తేవాలి. కలిపిన తరువాత రెండు గంటల లోపు వాడేయాలి. ఉదయాన్నేగాని, చల్లబడ్డాకగాని వేయడం మంచిది.

ఒక సీసా మందు వంద కోళ్లకు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కోళ్లకు వస్తుంది. మనకున్నవి ఇరవై. అందుకే చాలామంది తీసుకోరు. మా వాడలో ఇప్పుడు ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లం కలిసి ఒక రోజు అనుకుని సీసా తెప్పించుకుంటున్నాము. డబ్బు కలిసొస్తుందని మొదలుపెట్టాము గాని అసలు లాభం వేరే ఉంది. మన కోళ్లకు వేసి పక్కింటి కోళ్లకు వేయకపోతే తెగులు మన గుమ్మం దాకా వచ్చి కూర్చున్నట్టే. సంతలో కొన్న కోడిని, చుట్టాలిచ్చిన కోడిని కూడా రెండు వారాలు విడిగా కట్టి ఉంచాకే గుంపులో కలపాలి. మొహమాటం పనికిరాదు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడి కోళ్లఫారాలు ఖాళీ చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చస్తే వాటిని కోసి తినడం, అమ్మడం, కాలువలో పారేయడం చేయవద్దు. వట్టి చేతులతో ముట్టవద్దు. పశువుల ఆసుపత్రికి చెప్పి, వారు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. మామూలు రోజుల్లో కూడా పసిపిల్లలు కోడిపిల్లలను ముద్దుపెట్టుకోకుండా, పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కునేలా చూడండి.

గూడు

మిగిలిన ఆ పందొమ్మిది పిల్లలు ఆరు వారాలకు చక్కగా ఈకలు తొడిగాయి. అప్పుడు పెరట్లో గూడు కట్టాము. కోళ్ల వల అని అడిగితే దుకాణంలో అంగుళం కన్నాల వల ఇచ్చారు. చుట్టూ కొట్టాము. నాలుగో రోజు రాత్రి ఒకటే గోల. లైటు వేసి చూస్తే గూట్లో పెద్ద జెర్రిపోతు. రెండు పిల్లలను మింగి, కడుపు ఉబ్బి, వచ్చిన కన్నంలోంచి పోలేక వలలో చిక్కుకుని ఉంది. పక్కింటి కుర్రవాళ్లు కర్రలు తెచ్చారు. మా మామగారు, “దానికి విషం లేదురా, పొలంలో ఎలుకలను తినేది అదే” అని వల కత్తిరించి, చేనిగట్టు మీద వదిలి వచ్చారు. పాము తప్పేమీ లేదు. కన్నం మేము పెట్టిందే.

అంగుళం కన్నాల వల కోడిని లోపల ఉంచుతుందేగాని, దొంగను బయట ఉంచదు. అడుగు నుంచి రెండడుగుల ఎత్తు దాకా అరంగుళం కన్నాల గట్టి ఇనుప వల వేయాలి. గూడు నేల మీదే ఉంటే ఆ వలను అడుగు లోతున పాతిపెట్టాలి, లేకపోతే పందికొక్కులు తవ్వుకుని వస్తాయి. మేము ఇప్పుడు గూటిని నేలకు రెండున్నర అడుగుల ఎత్తున సర్వీ కర్రల మీద నిలబెట్టాము. కర్రలకు నున్నటి రేకు చుట్టాము, ఎలుకలు ఎక్కలేవు. అడుగున వెదురు బద్దలు సన్నటి సందులతో కొడితే రెట్ట కిందికి రాలిపోతుంది, కూరపాదులకు ఎరువు కూడా. పైన తాటాకు కప్పాము. ఒట్టి రేకు వేస్తే వేసవిలో గూడు పొయ్యే. పొడుగువైపు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపల పడదు. రాత్రి పడుకోవడానికే గనుక కోడికి ఒకటి, ఒకటిన్నర చదరపు అడుగు చాలు. ఇరుకైతే ఒకదానినొకటి పొడుచుకుంటాయి. కూర్చోవడానికి రెండంగుళాల లావు కర్రలు అడ్డంగా కట్టాలి.

తలుపుకు తాడు కట్టి ఊరుకోవద్దు. బావురుపిల్లి, కుక్క ముక్కుతో తోసేస్తాయి. ఇనుప గడియ పెట్టి చీల దించాలి. పగలు పిల్లలు తిరిగే చోట పైన పాత చేపల వల కట్టాము. గద్ద ఆ ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది గాని దిగదు. ముంగిసకు మాత్రం పట్టపగలే ధైర్యం. పెరట్లో కట్టెల మోపులు, రాళ్ల కుప్పలు గూటికి దూరంగా తీసేస్తే దానికి దాక్కునే చోటుండదు.

ఇన్ని చెప్పాము గాని వీటన్నిటికంటే పనిచేసేది సాయంత్రం లెక్క. మా అమ్మాయి చీకటి పడేలోగా తలుపు దగ్గర కూర్చుని లోపలికి వెళ్లేవాటిని లెక్కపెడుతుంది. ఒకటి తక్కువైతే టార్చిలైటు తీసుకుని బయలుదేరుతుంది. పోయిన ఏడాది తెచ్చిన ముప్పైలో ఇరవై ఎనిమిది పెరిగాయి. ఒకటి మొదటి రోజే నలతగా వచ్చి పోయింది, ఒకటి బండి కింద పడింది. కుట్టుమిషనుకు ఇంకా సగం డబ్బే చేరింది. మధ్యలో తమ్ముడి జ్వరానికి కొంత తీసి ఇచ్చింది.

నిన్న సాయంత్రం ఇరవై ఏడు లోపలికి వెళ్లాయి. ఇరవై ఎనిమిదోది మా అత్తగారి మంచం కింద గుడ్డు పెడుతూ దొరికింది.